మిడత బండికి ఏ రేడియో?

ఈ సంవత్సరం ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భంగా మన కళాశాల ప్రయోగశాలలో జరిగిన ప్రదర్శనను తిలకించినవారు, కిటికీ పక్కన చిన్న బల్లమీద ఉంచిన తెల్లని ఆటకారును గమనించే ఉంటారు. దాని ముందు "ప్రస్తుతం నడవదు" అని వ్రాసిన అట్టముక్క ఒకటి నిలబెట్టి ఉన్నది. నడిచే యంత్రాల మధ్య నడవని బండిని ప్రదర్శించడం దేనికని కళాశాల సంఘ సభ్యులొకరు నన్ను ప్రశ్నించారు. వారి ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగారు. ఆనాడు నేను తడబడి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు చెప్పవలసిన సమాధానాన్ని ఇప్పుడు ఈ సంచికలో చెబుతున్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి రేడియో తరంగాలతో పనేమిటన్న సందేహం కూడా కొందరికి కలుగుతుంది. న్యాయమైన సందేహమే. భౌతికశాస్త్రం ఇంటర్మీడియట్‌తోనే నా వద్ద సెలవు పుచ్చుకున్నది. అయినప్పటికీ ఈ విషయంలో నోరు మెదపడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ బండి మా ఇంటిది. రెండవది, ఆ బండి చుట్టూ ప్రయోగశాలలో రేగిన వివాదం నా శాస్త్రంలో నేను బాగా ఎరిగినదే. వేషం మార్చుకొని వచ్చినది గాని, మనిషి పాతవాడే.

ముందు బండి సంగతి. దీనిని తయారుచేసినది జపాను దేశపు తమియా సంస్థ. 1976లో పోర్షే 934 నమూనాతో ఆ సంస్థ రేడియోతో నడిచే కార్ల తయారీకి శ్రీకారం చుట్టింది. మన బల్లమీద ఉన్నది 1984లో వెలువడిన 'గ్రాస్‌హాపర్'. ఇసుకలోనూ, గడ్డిలోనూ, ఎగుడుదిగుడు నేలమీదనూ గెంతుతూ పోవడానికి ఉద్దేశించినది గనుక దానికి మిడత పేరు పెట్టారు. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ దానిని 'మిడత బండి' అనే పిలిచేవారు.

ఈ బండి దుకాణంలో విడిభాగాలుగానే లభించేది. మరలు, చక్రాలు, మోటారు, ప్లాస్టిక్ ముక్కలు ఒక పెట్టెలో ఉండేవి. కొన్నవారు కూర్చుని బిగించుకోవాలి. పాఠకులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఏమంటే, ఆ రోజుల్లో ఆ పెట్టెలో రేడియో ఉండేది కాదు. చేతిలో పట్టుకొనే ప్రసారిణి, బండిలో అమర్చే గ్రాహకం, సర్వోలనే రెండు చిన్న పెట్టెలు వేరుగా కొనుక్కోవలసి వచ్చేది. సర్వో అంటే చిటికెన వేలంత మోటారు, పళ్ళచక్రాలు లోపల ఇమిడిన పెట్టె. దానికి ఒక చేయి ఉంటుంది. ఒక సర్వో ముందు చక్రాలను తిప్పుతుంది. రెండవది వేగాన్ని మార్చే మీటను కదుపుతుంది. కనుక ఈ బండికి సరైన రేడియో ఏదని నిర్ణయించినవాడు జపానులోని ఇంజనీరు కాదు. కొనేవాడి జేబూ, ఆనాటి దుకాణపు అలమారూ కలిసి నిర్ణయించాయి.

మా ఇంటి బండి విషయంలో ఆ నిర్ణయం కువైటులో జరిగింది. మా మామూ 1980ల తొలి సంవత్సరాల్లో పెనుమూడి విడిచి, రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, బొంబాయి మీదుగా కువైటు వెళ్ళి అక్కడ కారు డ్రైవరుగా కుదురుకున్నారు. 1986లో సెలవుమీద ఇంటికి వచ్చినపుడు రెండు రగ్గులు, ఒక టేపు రికార్డరు, అత్తరు సీసాలు, ఈ బండీ తెచ్చారు. దీనిని బిగించి ఇచ్చినది ఆయన గదిలో ఉండిన మలయాళీ మిత్రుడట. అప్పటికి పెనుమూడి నుండి పులిగడ్డకు వారధి లేదు. కృష్ణ దాటడానికి రేవులో లాంచీ కొరకు నిరీక్షించేవారు. ఒక సాయంత్రం మామూ రేవు ఇసుకలో బండిని వదిలితే, లాంచీ వచ్చినా ఎక్కకుండా జనం నిలబడి చూశారని మా అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. నేను అప్పటికి పుట్టలేదు. ఆ దృశ్యం నాకు ఆమె మాటల్లో మాత్రమే తెలుసు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులో ప్రవేశించింది. ఆ తరువాతి వారాలలో లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ నగరం మీదుగా విమానాలలో స్వదేశానికి చేర్చిన ఉదంతం చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ఆ లక్షమందిలో మా మామూ ఒకరు. ఒంటి సంచితో పెనుమూడి చేరుకున్నారు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సామానంతా ఆ గదిలోనే ఉండిపోయింది. మళ్ళీ ఆయన ఆ దేశం వెళ్ళలేదు. కాలక్రమంలో రగ్గులు చిరిగాయి, టేపు రికార్డరు పాడైనది, అత్తరు ఆవిరైనది. ఆయన జీవితంలోని ఆ భాగానికి మా ఇంట్లో మిగిలిన వస్తువు ఈ మిడత బండి ఒక్కటే.

దాని దుస్థితికి బాధ్యుణ్ణి నేను. నాకు తొమ్మిదేళ్ళ వయస్సులో, 1998 వేసవి సెలవుల్లో, పెద్దలు లేని మధ్యాహ్నం ప్రసారిణిని అలమారు నుండి దింపాను. యాంటెన్నాను పూర్తిగా లాగి, కత్తిలా ఝళిపించి, గుమ్మానికి కొట్టాను. పైముక్క విరిగిపోయినది. భయపడి, లోపలి ఎనిమిది సెల్లులను తీయకుండానే దానిని పెట్టెలో పెట్టి, పెట్టెను రగ్గుల కింద దాచాను. ఏళ్ళు గడిచిన తరువాత తెరిచి చూస్తే సెల్లులు కారి, వాటి స్ప్రింగులను తినివేసి, పచ్చని పిండి మిగిల్చాయి. మన లంకల ఉప్పుగాలి మిగతా పని పూర్తి చేసింది. మామూ నన్ను తిట్టలేదు. "సెల్లులైనా తీసి పెట్టవలసింది బేటా" అన్నారంతే. ఆయన మరణానంతరం అమ్మీ ఆ పెట్టెను నా చేతిలో పెట్టింది. నేను మన ప్రయోగశాలకు తెచ్చాను.

ఇక వివాదం. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు పెట్టె తెరిచిన గంటలోపే పరిష్కారం చెప్పారు. పాత రేడియో మొత్తాన్ని తీసివేయాలి, కొత్త 2.4 గిగాహెర్ట్జ్ గ్రాహకాన్ని, దానితోపాటు ఎలక్ట్రానిక్ వేగ నియంత్రకాన్ని అమర్చాలి. వీలైతే సెల్ ఫోనుతోనే నడపాలి. వారి వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. కొత్త పద్ధతిలో యాంటెన్నా మూడు సెంటీమీటర్లుంటే చాలు. గ్రాహకం తన ప్రసారిణిని మాత్రమే గుర్తుపడుతుంది. తరంగ పౌనఃపున్యం క్షణక్షణమూ మారుతూ ఉండడం వల్ల పది బండ్లు ఒకేచోట తిరిగినా ఒకదానికొకటి అడ్డు రావు. సంకేతం తెగిపోతే మోటారు ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. పాతదానిలో ఇవేవీ లేవు. అది 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఏ.ఎం. సెట్టు, తరంగదైర్ఘ్యం 11 మీటర్లు. ప్రసారిణికి మీటరు పొడవైన యాంటెన్నా కావాలి. బండి మోటారులోని బ్రష్షుల నిప్పురవ్వలు కూడా దాని చెవిలో గోల చేస్తాయి. సంకేతం తప్పితే బండి ఎటు పోతుందో, ఏ కాలువలో పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ చర్చ సాగుతుండగానే ఒక ఉత్సాహవంతుడు పాత గ్రాహకాన్ని ఊడదీసి చెత్తపళ్ళెంలో వేశాడు. దానిలోని పసుపురంగు క్రిస్టల్ జారి ఎక్కడో పడిపోయినది. ఆ సాయంత్రం ఆరుగురు విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు, ఒక అటెండరు సెల్ ఫోన్ దీపాలతో నేలమీద పాకుతూ వెదికాము. చివరికి బీరువా కాలికింద దొరికింది. మందలించాలని నోరు తెరిచినవాణ్ణే గాని, యాంటెన్నా విరిచిన చేయి జ్ఞాపకం వచ్చి ఊరుకున్నాను.

దొరికిన క్రిస్టల్‌నూ, గ్రాహకాన్నీ తీసుకొని తెనాలిలో ఒక వృద్ధ రేడియో మెకానిక్ వద్దకు వెళ్ళాను. ఇప్పుడు ఆయన వద్దకు రేడియోలు రావడం అరుదు. మిక్సీలు, ఫ్యానులు వస్తాయి. గ్రాహకపు మూత తీసి, లోపల వరుసగా ఉన్న చిన్న లోహపు డబ్బాలను, వాటి తలలపై రంగు మరలను చూడగానే ఆయన ముఖం వికసించింది. "ఇది మన రేడియోయే కదా మాస్టారూ!" అన్నారు.

ఆయన మాటలో ఉన్న సత్యాన్ని వివరిస్తాను. విజయవాడ ఆకాశవాణి మధ్యతరంగ ప్రసారం 837 కిలోహెర్ట్జ్‌పై వస్తుంది. మన ఇంటి రేడియోను అక్కడికి తిప్పినపుడు దాని లోపల 1292 కిలోహెర్ట్జ్ తరంగం ఒకటి పుడుతుంది. రెండింటి భేదం 455. రేడియో ఏ కేంద్రానికి తిప్పినా ఈ 455ను మాత్రమే పెంచి వినిపిస్తుంది. ఆ పని చేసేవే ఆ లోహపు డబ్బాలు. మిడత బండిలోనూ ఇదే లెక్క. ప్రసారిణిలోని పసుపు క్రిస్టల్ 27.145 మెగాహెర్ట్జ్‌ను పుట్టిస్తుంది. గ్రాహకంలోని పసుపు క్రిస్టల్ 26.690ను పుట్టిస్తుంది. తీసివేసి చూడండి: 0.455 మెగాహెర్ట్జ్, అనగా 455 కిలోహెర్ట్జ్. అందువల్లనే ఇవి జతలుగా అమ్ముడుపోయేవి. ఒకదాని చోట మరొకటి పెట్టరాదు. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అని ఆరు రంగులు, రంగుకొక పౌనఃపున్యం. ఒకే మైదానంలో ఒకే రంగువారు ఇద్దరు ఆడరాదు. అందుకై యాంటెన్నా కొనకు ఆ రంగు పట్టీ కట్టుకొనేవారు. మామూ పెట్టెలో పసుపు పట్టీ నేటికీ ఉన్నది. అది దేనికో తెలియక మా అక్క ఒకప్పుడు జడకు కట్టుకున్నదట!

పల్లెలో జోల వినిపించిన యంత్రమూ, ఇసుకలో బండిని నడిపిన యంత్రమూ ఒకే తల్లి బిడ్డలని ఆ దుకాణంలో నిలబడి గ్రహించాను. కొత్త గ్రాహకంలో ఈ బంధుత్వం కంటికి కనపడదు. ఒక నల్లని చిప్పులో అంతా ముగుస్తుంది. అది మెరుగైనది కాదని నా భావం కాదు. నేర్చుకొనేవాడికి అది తలుపు తీయదు. పాత సెట్టు తీస్తుంది. సంకేతం కూడా అంతే. ప్రసారిణి సెకనుకు సుమారు యాభై సార్లు చిన్న స్పందనలను పంపుతుంది. స్పందన ఒకటిన్నర మిల్లీసెకన్లు ఉంటే సర్వో చేయి మధ్యలో నిలుస్తుంది. ఒక మిల్లీసెకను ఉంటే ఒక పక్కకు, రెండుంటే రెండవ పక్కకు తిరుగుతుంది. మన ప్రయోగశాలలోని ఆసిలోస్కోపు తెరపై విద్యార్థులు దీనిని చూచారు. చేతిలోని పుల్లను జరిపితే తెరమీద గీత వెడల్పవుతున్నది, బల్లమీద సర్వో చేయి తిరుగుతున్నది. అప్పటిదాకా కొత్త రేడియో కొరకు వాదించిన విద్యార్థిని ఒకరు ఆ పూట పుల్లను వదలలేదు.

ఇక నా శాస్త్రంలోని వివాదం ఏమిటో చెబుతాను. తాటాకు ప్రతులను ఎత్తివ్రాసిన లేఖకులు తమకు అర్థంకాని మాట వచ్చినపుడు, దాని స్థానంలో తమకు తెలిసిన మాటను పెట్టి ముందుకు సాగడం కద్దు. పద్యం నడుస్తుంది, గణాలు సరిపోతాయి, చదివేవాడికి హాయిగానూ ఉంటుంది. కాని కవి మాట పోయింది. పోయిందన్న సంగతి కూడా తెలియకుండా పోయింది. అందుచేతనే 1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన బ్రౌన్ దొర మొదలు, బాధ్యత ఎరిగిన పరిష్కర్తలు అనేక ప్రతులను సేకరించి పోల్చి చూచారు. శాసనాలను ప్రకటించేవారు రాతిపై చెరిగిపోయిన అక్షరాల చోట చుక్కలు పెడతారు. తోచిన అక్షరం పెట్టరు. సంఘ సభ్యులవారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇదే: "ప్రస్తుతం నడవదు" అన్న అట్టముక్క ఆ చుక్కల వంటిది. ఇక్కడ కొంత పోయినది, ఏమి పోయిందో వెదుకుతున్నాము, మేము కల్పించి పూరించలేదు అని దాని తాత్పర్యం.

అయితే కాలానికి తగిన రేడియో అంటే ఏది? ఇక్కడ మా పక్షంలోనే చీలిక వచ్చింది. ఒక విద్యార్థి పాత ప్రకటనల చిత్రాలు సంపాదించి, 1984లో ఈ బండితో జత చేయదగినవిగా పేరొందిన ఫుటాబా, సన్వా వంటి జపాను సెట్లలో ఒకదానిని విదేశాల నుండి తెప్పించాలన్నాడు. అతని శ్రద్ధను మెచ్చుకుంటాను. కాని సమ్మతించను. ఆ బొమ్మలోని రేడియో ఆ కాలానిదే కావచ్చు; ఈ బండిది కాదు. ఈ బండికి తగినది మామూ తన జీతంలో మిగిలిన దినార్లతో కొన్న రెండు పుల్లల మామూలు సెట్టే. అది పేరుగొన్నది కాకపోవచ్చు. దానిలో వేలిముద్రలు పడి నునుపెక్కిన చోటు ఉన్నది, వెనుక మూతమీద మేకుతో గీకిన ఉర్దూ అక్షరాలలో ఆయన పేరు ఉన్నది. కావ్యానికి ఉత్తమ ప్రతి వేరొకచోట ఉండవచ్చు. మన ఊరి ప్రతిని మన ఊరి ప్రతిగానే కాపాడాలి.

అది ఎంతకూ బాగుపడదని తేలితే మాత్రమే మరొకటి వెదకాలి. అపుడు కూడా ఆ కాలపు 27 మెగాహెర్ట్జ్ ఏ.ఎం. సెట్టు, రెండు పుల్లలదే కావాలి. తుపాకీ ఆకారపు పిడి ఉన్నది వద్దు. ఎఫ్.ఎం. సెట్టు క్రిస్టల్‌ను దీనిలో పెట్టరాదు. సర్వో ప్లగ్గులలో మూడు తీగల వరుస అన్ని సంస్థలకూ ఒక్కటి కాదు. రంగు చూచి నమ్మి గుచ్చితే ధన ఋణాలు తారుమారై, నలభై ఏళ్ళ వస్తువు క్షణంలో కాలిపోతుంది. ముందు మీటరు పెట్టి చూడాలి. అన్నింటికన్నా ఇది ముఖ్యమని మెకానిక్ నాకు రెండుసార్లు చెప్పారు. కనుక నేనూ ఇక్కడ నొక్కి చెబుతున్నాను.

చట్టం సంగతి కూడా కొందరు అడిగారు. మన దేశంలో 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని స్వల్పశక్తి సాధనాల కొరకు 2005లో లైసెన్సు నుండి మినహాయించారు. మన ఆరు రంగులూ ఆ హద్దుల లోపలే ఉన్నాయి.

పాతదంతా పవిత్రమన్న వాదం నాది కాదు. ఆనాటి నికెల్ కాడ్మియం బ్యాటరీని వెదికి తెచ్చి పెట్టవలసిన పని లేదు, కాడ్మియం విషం. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కూడా 1.2 వోల్టులే ఇస్తుంది గనుక దానిని నిస్సంకోచంగా వాడవచ్చు. లిథియం బ్యాటరీ మాత్రం ఈ బండికి వద్దు. దాని వోల్టేజి ఒక హద్దుకు దిగువకు పడిపోకుండా ఆపే ఏర్పాటు పాత వేగ నియంత్రకంలో లేదు. ఆ నియంత్రకం లోహపు పట్టీలమీద జరిగే ఒక మీట, వేడెక్కే ఒక నిరోధకం, అంతే. నెమ్మదిగా నడిపేటప్పుడు విద్యుత్తులో కొంత ఊరకనే వేడిగా పోతుంది. అది దుబారాయే. అయినా దానిని ఉంచమంటాను. శక్తి ఎక్కడ వృథా అవుతున్నదో వేలుపెట్టి తెలుసుకొనే అవకాశం నేటి విద్యార్థికి ఎన్ని యంత్రాలలో ఉన్నది? (వేలు పెట్టేముందు స్విచ్చి ఆపండి.) ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్చక తప్పదు, ఐదింటిని మార్చాము. తీసిన వాటిని పారవేయక, ఎప్పుడు తీసినదీ వ్రాసి ఒక కవరులో భద్రపరిచాము.

సెల్లులు కారిన చోటును శుభ్రపరిచే ముందు, అవి ఏ రకం సెల్లులని మెకానిక్ అడిగారు. నాకు ఆశ్చర్యం కలిగింది. మామూలు జింకు కార్బన్ సెల్లు కారితే ఆమ్లగుణం గలది వస్తుంది. దానికి వంటసోడా నీళ్ళు వాడాలి. ఆల్కలైన్ సెల్లు కారితే క్షారం వస్తుంది. దానికి నిమ్మరసమో, వెనిగరో వాడాలి. మావి జింకు కార్బనువి. రోగి చరిత్ర అడగకుండా మందివ్వని వైద్యుడు ఆయన.

విదేశాలలోని అభిరుచిపరులు కొందరు పాత ప్రసారిణి డొల్లలో 2.4 గిగాహెర్ట్జ్ పరికరాన్ని దాచి, పైకి పాతదిగానే కనిపించేలా వాడుతున్నారు. ఇది తప్పా అని విద్యార్థులు నన్ను అడిగారు. ఒక్క రంధ్రం కూడా పొడవకుండా, ఒక్క తీగ కూడా కోయకుండా, రేపు కోరినపుడు పాతదానిని తిరిగి పెట్టగలిగితే తప్పు లేదన్నాను. చెప్పకుండా దాచడం మాత్రం తప్పు. మార్చిన సంగతి మూత వెనుక వ్రాసి ఉండాలి.

రోజూ మైదానంలో పరుగెత్తించాలన్నది విద్యార్థుల కోరిక అయితే దానికి వేరే మార్గం ఉన్నది. తమియా సంస్థ ఇదే మిడతను 2005లో మళ్ళీ విడుదల చేసింది. కొత్త బండి కొని, కొత్త రేడియో పెట్టి, కాలువగట్టున గెంతించండి. నేనూ వచ్చి చూస్తాను. నడిపేందుకు కొత్తది లభిస్తున్నపుడు, నడిపే పేరుతో పాతదాని గుండె తీయవలసిన అవసరమేమున్నది? కళాశాల సంఘం వారు ఖర్చు సంగతి అడిగారు. లెక్క వ్రాసి చూపాను. కొత్త నియంత్రక సామగ్రికయ్యే దానికన్నా మెకానిక్ కూలి, చిల్లర సామాను తక్కువే. ఆదా అవుతుందని నేనీ మాట అనడం లేదు. ఎక్కువే అయినా అడిగి ఉండేవాణ్ణి.

దూరం నుండి వస్తువును ఆడించే విద్య మనకు పరాయిది కాదని కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా, గోడల అవతలికి తరంగాలు పంపి, గంట మోగించి మందుగుండు పేల్చి చూపారు. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా చిన్న పడవను నీటి తొట్టిలో తీగ లేకుండా నడిపారు. ఆ పడవకూ మిడత బండికీ మధ్య ఉన్న దూరం కాలంలోనిదే గాని భావంలోనిది కాదు.

ఈ వ్యాసం వ్రాసేనాటికి ఉన్న పరిస్థితి ఇది. ప్రసారిణి బ్రతికింది. ముందు చక్రాలు పుల్ల మాట వింటున్నాయి. వేగపు సర్వో లోపలి పళ్ళచక్రంలో రెండు పళ్ళు విరిగాయి. మోటారు గిర్రున తిరుగుతున్నది, చేయి కదలడం లేదు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక విద్యార్థి రోజంతా తిరిగి రిక్తహస్తాలతో వచ్చాడు. మద్రాసు రిచీ స్ట్రీటులో మరొకరు వెదుకుతున్నారు. రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళి వచ్చిన కుటుంబాలు అనేకం. ఆ ఇళ్ళ అటకలమీద ఇటువంటి ఆటకార్లు, ప్రసారిణులు పడి ఉండవచ్చు. నడవకపోయినా సరే, విద్యార్థులు వాటిని ప్రయోగశాలకు తేవలసిందిగా కోరుతున్నాను. తెచ్చేముందు సెల్లులు తీసివేయండి. పసుపు జత క్రిస్టళ్ళు ఎవరి వద్దనైనా ఉంటే ముందుగా చెప్పండి. మా వద్ద ఉన్నది ఒక్క జతే, అది ఒకసారి బీరువా కిందకు పోయివచ్చినది.

యాంటెన్నాను మార్చక తప్పలేదు. పొడవు తగ్గితే లోపలి చుట్టతో పొత్తు కుదరక సంకేతం దూరం పోదని మెకానిక్ చెప్పి, పాత ట్రాన్సిస్టరు నుండి అదే పొడవు గల దానిని తీసి అమర్చారు. విరిగిన పాతదానిని కాగితంలో చుట్టి పెట్టెలోనే ఉంచాను. దానికొక చీటీ కట్టి, విరిగిన సంవత్సరం, విరిచినవాడి పేరు నా చేతివ్రాతతో వ్రాశాను.